పక్క కుర్చీలో కూర్చునే మనిషి

2007 శీతాకాలం. న్యూజిలాండ్‌లో పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్ళో, నలుగురు డాక్టర్లున్న ఒక చిన్న క్లినిక్‌లో నేను ప్రాక్టీస్ నర్స్‌గా చేరి అప్పటికి ఐదేళ్ళు. ప్రాక్టీస్ నర్స్ అంటే డాక్టర్ కంటే ముందు పేషెంట్‌ని చూసే మనిషి. బీపీ చూడటం, రక్తం తీయడం, టీకాలు వేయడం, అన్నిటికంటే ఎక్కువగా వినడం. ఒక్కో పేషెంట్‌కి పదిహేను నిమిషాలు. చేరిన కొత్తలో ఈ పదిహేను నిమిషాల సంగతి విని నవ్వుకున్నాను. గుంటూరులో నేను పనిచేసిన ఆసుపత్రిలో ఆ సమయానికి సగం వార్డు చుట్టి వచ్చేదాన్ని. అక్కడ నాకు పని వచ్చుననుకున్నాను. నిజానికి అక్కడ నాకు వచ్చింది నడవడం. వినడం ఇక్కడ నేర్చుకున్నాను, అదీ ఒక దెబ్బ తిన్నాక.

ఆ దెబ్బ పేరు ఓబులేశు గారు. ఆయన అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

ఓబులేశు గారిది అనంతపురం వైపు. ఊరి చివర ఒక లాండ్రీ నడిపేవారు. మోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు, వృద్ధాశ్రమాల పక్కగుడ్డలు అన్నీ అక్కడికే వచ్చేవి. తొమ్మిది మంది పనివాళ్ళు. కొందరు తెలుగువాళ్ళు, కొందరు ఫిజీ నుంచి వచ్చినవాళ్ళు, ఇద్దరు కివీ ఆడవాళ్ళు, అంటే ఈ దేశం వాళ్ళే. వాళ్ళలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా తెల్ల వ్యాన్‌లో ఎక్కించుకుని తానే మా దగ్గరికి తెచ్చేవారు. పేషెంట్ కుర్చీలో పనివాళ్ళని కూర్చోబెట్టి, పక్కన ఇంకో కుర్చీ ఉంటుంది చూడండి, తోడు వచ్చినవాళ్ళ కోసం, అందులో ఆయన కూర్చునేవారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్షకి వచ్చిన పిల్లవాడి తండ్రిలా.

నేను ప్రశ్న పేషెంట్‌ని అడిగేదాన్ని. జవాబు పక్క కుర్చీలోంచి వచ్చేది.

"నడుము నొప్పి ఎప్పటి నుంచీ?" అంటే, "పోయిన మంగళవారం నుంచమ్మా. తడి గుడ్డల బుట్ట ఎత్తినాది. ఒద్దని చెప్పినా ఇనదు" అనేవారు. ఎవరికి షుగరెంతో, ఎవరికి ఏ మందు పడదో, ఎవరి అత్తగారు ఊరి నుంచి ఫోన్ చేసి ఏడిపిస్తోందో, అన్నీ ఆయన నోటి మీదే ఉండేవి. ఆయనుంటే నా పని పది నిమిషాల్లో అయిపోయేది. ఉన్న మాట చెప్పాలి, నాకది హాయిగా ఉండేది.

మా క్లినిక్‌లో ఒక నియమం ఉంది. పేషెంట్‌తో కొంతసేపైనా ఒంటరిగా మాట్లాడాలి. పనిచ్చే యజమానిని గదిలో కూర్చోబెట్టడం మంచిది కాదు. ఈ నియమం నాకు తెలుసు. కొత్త నర్సులకు నేనే చెప్పేదాన్ని కూడా. అయితే ఓబులేశు గారిని యజమాని అనుకుంటే కదా! ఆయన మాకందరికీ పెద్దదిక్కు. ఎవరికైనా ఫ్లాట్ కావాలన్నా, కారు కొనాలన్నా, కొత్తగా వచ్చిన స్టూడెంట్ దిగులుతో అన్నం మానేసినా, అందరం ఫోన్ చేసేది ఆయనకే. రక్తపరీక్షకి భయపడే తెలుగువాళ్ళు ఎవరైనా వస్తే, ఆయన పనివాళ్ళు కాకపోయినా సరే, నేనే ఫోన్ కొట్టి పిలిచేదాన్ని. వచ్చి, పక్కన కూర్చుని, రెండు జోకులేసి, చెయ్యి పట్టుకునేవారు. కివీలు కూడా "ఓబీ ఉన్నాడుగా" అని నిశ్చింతగా ఉండేవారు.

జూలైలో, ఇక్కడ నడి చలికాలం అది, ఒక సోమవారం ఆయన సత్యం గారిని తీసుకొచ్చారు. సత్యం గారిది పశ్చిమగోదావరి. యాభై దాటినవాడు. కూతురు దగ్గరికి వచ్చి స్థిరపడి, లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలర్ దగ్గర పనిచేసేవాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం.

"ఏమైందండీ సత్యం గారూ?" అన్నాను.

"ఏం లేదమ్మా, వానికి నిద్ర పట్టదు" అన్నారు ఓబులేశు గారు. "పొద్దున మూడుకే మెలకువ వస్తాది. తిండి సయించదు. నవ్వుతానే ఉంటాడు, లోపల మాత్రం ఏమీ ఉండదు. పని అయినాక ఇంటి ముందర వ్యాన్ ఆపుకోని అరగంట, ముప్పావుగంట అందులోనే కూచుంటాడు. దిగాలంటే కాళ్ళు రావు."

సత్యం గారి వైపు చూశాను. ఆయన తలూపాడు. "మరేనండి" అన్నాడు, నేల చూస్తూ.

నాకు తెలుగు వచ్చు. సత్యం గారికి తెలుగు వచ్చు. మా ఇద్దరి మధ్యా మూడో మనిషి మాట్లాడాల్సిన అవసరమే లేదు. అయినా నాకది తేడాగా అనిపించలేదు. పెద్దాయన చెబుతుంటే మిగతావాళ్ళు తలూపడం చూస్తూ పెరిగినదాన్ని. దేశం మారాను గానీ ఆ అలవాటు నాతోనే వచ్చింది. ఆయన చెప్పినదంతా సత్యం గారి కేస్ నోట్స్‌లో, అంటే కంప్యూటర్‌లో ఒక్కో పేషెంట్‌కి ఉండే చరిత్రలో, పొల్లు పోకుండా టైప్ చేశాను. వ్యాన్ సంగతి కూడా.

తర్వాత డాక్టర్ హెలెన్ వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. ఆవిడ ఇంగ్లీషులో అడగడం, ఓబులేశు గారు తెలుగులో సత్యం గారికి చెప్పడం, ఆయన తలూపడం. ఇలాంటి బాధతో వచ్చిన ప్రతివారినీ తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆవిడ దాన్ని చివర్లో అడిగింది.

"ఇక బతకడం వద్దు అనిపిస్తుందా ఎప్పుడైనా? అడగండి ఆయన్ని."

ఓబులేశు గారు సత్యం గారి వైపు తిరగలేదు. గోడ మీద ఉన్న టీకాల చార్టు వైపు చూస్తూ ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నారు. "కొన్నిసార్లు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన అడగకుండానే జవాబు చెప్పారని చూశాను. ముందే మాట్లాడుకుని ఉంటారులే అనుకున్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు సిగ్గు కలిగించే క్షణం అదే.

డాక్టర్ పది రోజులకి సరిపడా మందు, తక్కువ డోసులో రాసింది. ఆయన్ని ఒంటరిగా వదలొద్దని చెప్పింది. "నేను చూసుకుంటా" అన్నారు ఓబులేశు గారు. బుధవారం నేను ఫోన్ చేసి కనుక్కున్నాను. ఏ నంబరుకి? సత్యం గారి ఫైల్లో ఉన్నది కూడా ఓబులేశు గారి నంబరే. "బాగుండాడమ్మా, ఏం బాధ లేదు" అన్నారు.

గురువారం మధ్యాహ్నం, ముసురు పట్టి ఉంది, సత్యం గారు ఒక్కడే వచ్చాడు. బస్సు దిగి నడిచి వచ్చినట్టున్నాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది. అపాయింట్‌మెంట్ లేదు. రిసెప్షన్ దగ్గర నా పేరు ఒక్కటే చెప్పి నిలబడ్డాడట.

గదిలోకి తీసుకెళ్ళి తువ్వాలు ఇచ్చాను. తల తుడుచుకోలేదు. అది ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"సిస్టరు గారండి, నేను పడుకుంటే మా మనవరాలు వచ్చి మీద దూకినా లేవనండి. అన్నం రెండు పూటలా మారు వేయించుకుంటానండి. నాకేం జబ్బు లేదండి" అన్నాడు.

నాకు ఒక్కసారిగా చెవులు దిబ్బడ వేసినట్టయింది. "మరి సోమవారం..."

"అయ్యన్నీ ఓబులేశు సారువండి. ఆయన వ్యాన్‌లో బతిమాలారండి. నా పేరు మీద నువ్వు రా సత్యం, నేను చెప్తాను, నువ్వు తలూపు చాలు అన్నారు. నాకు ఎంతో చేసిన మనిషండి, కాదనలేకపోయాను. ఏదో నిద్రమాత్ర కోసం అనుకున్నానండి. కానీ ఆ డాక్టరమ్మ ఆఖర్ని ఏదో అడిగారు చూడండి. ఆ ఇంగ్లీషు నాకు తెలీదు. ఆయన మొహం తెలుసండి. ఆ మొహం చూశాక నాకు మూడు రోజుల నుంచీ ముద్ద దిగట్లేదు. ఇప్పుడు నిజంగానే నాకూ నిద్ర లేదండి."

"మందులేవి?"

"ఆయన దగ్గరే ఉన్నాయండి. వ్యాన్‌లో ముందు సీటు దగ్గరి పెట్టెలో పెట్టేశారు." లేచి నిలబడ్డాడు. "నేను వచ్చానని సారుకి చెప్పకండేం. ఆయన నన్ను మళ్ళీ నమ్మరండి."

ఆయన్ని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, హెలెన్ దగ్గరికి పరుగెత్తాను. జరిగింది చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "ఇవాళే ఆయన్ని ఇక్కడికి రప్పించు. రాకపోతే మనమే వెళ్దాం" అంది.

ఓబులేశు గారి ఫైల్ తెరిచాను. నేను చేరిన ఏడాదే ఆయన మా క్లినిక్‌లో పేరు నమోదు చేసుకున్నారు. పేరు, చిరునామా, పుట్టిన తేదీ. అంతే, ఇంకో అక్షరం లేదు. పనివాళ్ళ కోసం మా గదిలోకి ఎన్నిసార్లు వచ్చారో లెక్కలేదు. ఈ మనిషికి బీపీ ఎంతో నాకు తెలియదు.

ఫోన్ చేసి, "మీకు ఒంట్లో బాగోలేదట, రండి" అంటే వస్తారా? చచ్చినా రారు. పైగా సత్యం గారి మాట బయటపడుతుంది. ఒక్క క్షణం ఆలోచించి డయల్ చేశాను.

"ఓబులేశు గారూ, ఒక పేషెంట్‌తో చాలా ఇబ్బందిగా ఉంది. ఎవరి మాటా వినే రకం కాదు. మీరొస్తే గానీ అవదు."

"తెలుగాయనేనా?"

"తెలుగాయనే."

"వస్తాండా. కూచోబెట్టు, పోనీకు."

ఇరవై నిమిషాల్లో వచ్చేశారు. లాండ్రీలో ఆవిరికి తడిసిన చొక్కాతో, మీద కోటు కూడా లేకుండా. ఈలోగా సత్యం గారిని వెనక స్టాఫ్ రూమ్‌లో ఉంచాను. నా గదిలో ఆ పక్క కుర్చీ తీసి బయట పెట్టించాను. ఓబులేశు గారు లోపలికి వచ్చి అటూ ఇటూ చూశారు.

"ఏడీ ఆయప్ప?"

"కూర్చోండి."

"నేను నిలబడతాలేమ్మా, ఆయప్పని రానీ."

"ఒక్క కుర్చీయే ఉంది. కూర్చోండి."

కూర్చున్నారు. ఆ కుర్చీలో ఆయన్ని చూడటం నాకు అదే మొదటిసారి. ఎప్పటిలాగే చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. నేను ఇంకేం మాట్లాడకుండా ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, బీపీ పట్టీ చుట్టాను. ఆయన అడ్డు చెప్పలేదు. పట్టీ బిగుస్తుంటే నా చేతి వైపే చూస్తున్నారు.

"ఐదేళ్ళలో మీకు ఒక్కసారీ బీపీ చూడలేదండీ నేను" అన్నాను. "ఊళ్ళో అందరి చేతులూ మీ చేత పట్టించాను. మీ చెయ్యి మాత్రం ఎప్పుడూ పట్టుకోలేదు. తప్పు నాది."

"ఏం తప్పులేమ్మా..." అన్నారు.

"ఇంకొకటి. సోమవారం మీరు చెప్పినదంతా నేను టైప్ చేశాను. ఇప్పుడు మళ్ళీ చదివాను. సత్యం గారికి లైసెన్స్ లేదు. ఆయన ఏ బండీ నడపడు. ఇంటి ముందు వ్యాన్ ఆపుకుని కూర్చునేది ఎవరండీ?"

పట్టీలోంచి గాలి పోయింది. దాన్ని విప్పబోతుంటే నా చెయ్యి ఆపారు. ఉండనీ అన్నట్టు. అలా పట్టీ చుట్టుకునే, తల వంచుకుని ఏడ్చారు. ఎన్నో ఏళ్ళుగా ఏడవని మనిషి ఏడుపులా ఉంది అది. నాకూ కళ్ళ నీళ్ళు ఆగలేదు. నర్సులు ఏడవకూడదంటారు. అననీండి.

తర్వాత నెమ్మదిగా చెప్పారు. "మిషను ఆగితే తొమ్మిది మంది నా మొగం చూస్తారమ్మా. నేను నవ్వితే వాళ్ళు నిమ్మళం. నాకు నవ్వు రాకపోయినా నవ్వాల. ఇంటికి పోయినా అంతే. ఆ నవ్వు మొగం పెట్టుకునేదానికే వ్యాన్‌లో కూచునేది. మొదట్లో రెండు నిమిషాలు పట్టేది. ఇప్పుడు ముప్పావుగంట అయినా రావడంలే."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నా పేరు మీద రాసుకుంటావు కదమ్మా. చిన్న ఊరు. ఓబులేశుకు మతి చెడిందంట అని మోటలోల్లకు తెలిస్తే? మనోల్లకు తెలిస్తే? రేపు ఎవరన్నా నన్ను నమ్ముకోని వస్తారా?"

ఇక్కడి ఫైల్ మాట గది దాటదని చెప్పాను. ఆ చివరి ప్రశ్న మళ్ళీ అడిగాను, ఈసారి తెలుగులో, ఆయన కళ్ళలోకి చూస్తూ. మా చదువులో గట్టిగా నేర్పే విషయమిది. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచనకి తోడు దొరుకుతుంది.

"పొద్దున లేవకుండా ఉంటే బాగుండు అనిపిస్తాది" అన్నారు. "ఏమన్నా చేసుకోవాలని కాదు. కానీ పోయిన వారం ఒక దినం నా మీద నాకే చానా భయమేసింది. అందుకే సత్యాన్ని పిలుచుకోనొచ్చినా."

"ఆ మందులు వేసుకున్నారా?"

జేబులోంచి వ్యాన్ తాళాలు తీసి నాకిచ్చారు. "ముందు పెట్టెలో ఉండాయి. విప్పలేదు. దాని మీద వాని పేరుండాది కదమ్మా. వాని మందు నేనెట్ల మింగేది?"

అబద్ధం చెప్పి మందు తెచ్చుకున్నవాడు, పేరు చూసి ఆగిపోయాడు. ఆ మాటకి నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వారు. అది మాత్రం ఆయన పెట్టుకున్న మొహం కాదు.

హెలెన్ వచ్చి ఆయనతో గంటసేపు కూర్చుంది. బయట నలుగురు పేషెంట్లు గొణుక్కుంటూ ఎదురుచూశారు. ఆ సాయంత్రమే మానసిక వైద్య బృందంతో మాట్లాడింది. మందు, కౌన్సెలింగ్, ఆరు వారాలు పనికి దూరం. ఆరు వారాలు అనగానే ఆయన కుర్చీలోంచి లేవబోయారు. "మిషన్లు ఆగిపోవు, మేం చెబుతున్నాం" అని ఇద్దరం చెరో వైపూ నిలబడ్డాం. భార్యకి తాను చెప్పలేనన్నారు. నేనే ఫోన్ చేశాను.

సరళ గారు పనిలోంచి నేరుగా వచ్చారు. "రోజూ సాయంత్రం కిటికీలోంచి వ్యాన్ లైట్లు కనపడతాయి కరుణా" అన్నారు నాతో. "దిగేదాకా చూస్తా నిలబడతా. అన్నం వేడి చేస్తా, చల్లారుతుంది, మళ్ళీ వేడి చేస్తా. ఏమైందని అడిగితే ఆ కాస్త నవ్వు కూడా పోతుందేమో అని అడగలేదు." లోపలికి వెళ్ళి ఆయన తల మీద చెయ్యి వేసి, "ఇంక వ్యాన్‌లో వద్దు, ఇంట్లోకి వచ్చి కూచో. నవ్వకుండానే కూచో" అన్నారు.

ఆరు వారాలూ లాండ్రీ ఆగలేదు. కివీ ఆడవాళ్ళిద్దరూ మోటళ్ళ సంగతి చూసుకున్నారు. ఓబులేశు గారు వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పారట. చెప్పేముందు రెండు రోజులు వణికిపోయారు. చెప్పాక ఒకావిడ, తన భర్తకీ ఇలాగే అయిందని, ఎవరికీ చెప్పలేదని కళ్ళు తుడుచుకుందట. సత్యం గారు, నేను చెప్పకముందే, తానే వెళ్ళి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి, "నేనే చెప్పానండి" అన్నాడట. ఓబులేశు గారు ఆయన్ని కౌగిలించుకుని, "నువ్వు చెప్తావనే నిన్ను పిలుచుకోని పోయినానేమోరా" అన్నారట. అది నిజమో కాదో ఆయనకే తెలియదని నాతో అన్నారు.

ఆ తర్వాత ప్రతి రివ్యూకీ, అంటే మందు ఎలా పనిచేస్తోందో చూసే అపాయింట్‌మెంట్‌కి, సత్యం గారే ఆయన్ని తీసుకొచ్చేవాడు. బండి రాదు కాబట్టి ఇద్దరూ బస్సులో వచ్చేవాళ్ళు. గది గుమ్మం దాకా వచ్చి, "నేను బయట ఉంటానండి" అని ఆగిపోయేవాడు. మాలో చాలామందికి రాని మర్యాద అది.

ఓబులేశు గారు కోలుకోవడానికి ఆరు వారాలు చాలలేదు. ఏడాది పట్టింది. మధ్యలో ఒకసారి వెనక్కి జారారు కూడా. అయితే ఈసారి తానే ఫోన్ చేశారు. "కరుణమ్మా, ఇక్కడ ఒక మొండి పేషెంట్ ఉండాడు, పిలుచుకోని వస్తా" అని.

ఇన్నేళ్ళలో చిన్న వ్యాపారాలు నడిపేవాళ్ళని చాలామందిని చూశాను. బేకరీ ఆయన, గ్యారేజీ ఆయన, డైరీ అనే వీధి చివరి కొట్టు నడిపే ఆవిడ. అన్నీ తానే మోసే గుణం, కాదనలేని గుణం, అలసట మొహం మీద కనపడనివ్వని గుణం, వీటి వల్లే వాళ్ళు నిలబడతారు. అవే గుణాల వల్ల జబ్బు కూడా దాగుతుంది. ఆ తర్వాత నేను ఒక అలవాటు చేసుకున్నాను. ఎవరు ఎవరిని తీసుకొచ్చినా, పేషెంట్‌తో ఒంటరిగా మాట్లాడటం అయ్యాక, తోడు వచ్చినవాళ్ళని లోపలికి పిలిచి, "మీకెలా ఉంది?" అని అడుగుతాను. సగం మంది వెనక్కి తిరిగి చూస్తారు, ఇంకెవరినో అడిగానని.

ఒక పని మిగిలింది. సత్యం గారి ఫైల్. మా నోట్స్‌లో ఒకసారి రాసింది చెరపకూడదు. తప్పైతే కింద దిద్దుబాటు రాసి సంతకం పెట్టాలి. పైన తప్పు అలాగే ఉంటుంది. ఆ సంగతి ఆయన్ని కూర్చోబెట్టి చెప్పి, క్షమించమన్నాను. మీకు లేని జబ్బు నా తొందర వల్ల మీ పేరు మీద ఉండిపోయింది అన్నాను.



"ఉండనివ్వండి సిస్టరు గారూ. మా తొమ్మిది మంది బాధలూ ఇన్నేళ్ళూ ఆయన మోశారండి. ఆయనది ఒక్క పేజీ నా ఫైల్లో ఉంటే నాకేం బరువండి?"

నేను కంప్యూటర్ వైపు తిరిగి, దిద్దుబాటు రాసి, దాని కింద నా పేరు పెట్టాను.